కోటు కుట్టే ఆవిడ

నేను మా చెల్లెలి ఇంటికి వెళ్తే నా కూతురు పరాయిదైపోతుంది. ఈ మాట పైకి అంటే నాకు మతి చలించిందనుకుంటారని ఎవరితోనూ అనలేదు. రెండేళ్లు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. కుట్టడం నా వృత్తే కదా, అదెంత పని అనుకునేరు. ప్రాణం పోయింది.

సంగతేమిటంటే, మా ఊరికీ చెల్లెలి ఊరికీ మధ్య ఒక నది ఉంది, దాని మీద వంతెన ఉంది. వంతెనకు ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఇంకో రాష్ట్రం. బస్సెక్కి కునుకు తీసేలోపు దిగిపోవచ్చు. అవతలి ఊళ్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది, అందులో పశువైద్యం చెబుతారు. మా వైపు ఆ చదువు లేదు. వాళ్ల రాష్ట్రం పిల్లలకు ఫీజు మాబోటివాళ్లు కూడా కట్టగలిగినంతే. బయటి పిల్లలకు దానికి నాలుగింతలు. నేను చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాను. మా ఆయన ఇళ్లకు వెళ్లి ఫ్రిజ్‌లు బాగుచేస్తారు. ఇద్దరం తలకిందులుగా తపస్సు చేసినా ఆ నాలుగింతలు మా తరం కాదు.

పిల్లకేమో ఆ చదువు తప్ప ఇంకోటి అక్కర్లేదు. దాన్ని మేం పిడుగు అంటాం. చిన్నప్పుడు వీధిలో స్కూటర్ కింద పడ్డ కుక్కను ఎత్తుకొచ్చి, కాలర్లు గట్టిగా నిలబడడానికి లోపల పెట్టే బక్రం గుడ్డ కాలికి చుట్టి కట్టు కట్టింది. ఆ బక్రం ఫ్యాక్టరీది. సూపర్‌వైజర్ నిలదీస్తే పొరపాటున ఎక్కువ కోసేశానని చెప్పి చీవాట్లు తిన్నాను. కుక్క లేచి నడిచింది. కుంటుతూనే అనుకోండి, కానీ నడిచింది. ఆ రోజు నుంచి పిడుగుది ఒకటే పాట.

ఉపాయం చెప్పింది నేనే. పదో తరగతి తర్వాత రెండేళ్లు అవతలి రాష్ట్రంలో, అక్కడివాళ్ల సంరక్షణలో ఉండి చదివిన పిల్ల అక్కడి పిల్ల కిందే లెక్క. అయితే కన్నవాళ్లు ఇవతల ఉండి పోషిస్తుంటే ఆ లెక్క చెల్లదు. కన్నవాళ్లు వదిలేసి ఉండాలి, రాకపోకలు ఉండకూడదు. మా చెల్లికి పిల్లల్లేరు. మా ఆయనా నేనూ ఒక అధికారి ముందు నిలబడి, పిల్లను పోషించలేక చెల్లెలికి అప్పగించేశామని, ఇకమీదట మాకూ దానికీ ఏ సంబంధమూ లేదని ప్రమాణం చేశాం. ఆ అధికారి తలెత్తి మా మొహాలు కూడా చూడలేదు. బయటికొచ్చాక మా ఆయన మెట్ల మీద కూలబడిపోయారు. కాయితం మీద మాటే కదా, దానికింత ఎందుకని నేనే ఆయన్ని లేవదీశాను. అప్పట్లో నాకు గుండెధైర్యం ఎక్కువ.

మా మరిది నీళ్ల సరఫరా ఆఫీసులో పనిచేస్తాడు. రూల్సు మనిషి. మంచినీళ్లు తాగడానికి కూడా ఏదో ఒక నిబంధన ఉందేమోనని చూసుకునే రకం. బయటివాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవడం న్యాయమేనని నాతో ఫోన్లో వాదించేవాడు. ఆ కాలేజీ గోడలూ మేష్టార్ల జీతాలూ తమ పన్నులేనని, వచ్చినవాళ్లందరికీ తలుపులు తీస్తే ఇంటివాళ్లు గుమ్మం బయట పడుకోవాల్సి వస్తుందని అనేవాడు. నేను కుట్టిన చొక్కాలు మీ ఊరి కొట్లలోనే అమ్ముతారని, వాటి మీద పన్ను మీ ఖజానాకే పోతుందని, ఆ లెక్కన మీ గోడలో నాదీ ఒక ఇటుక ఉందని నేననేదాన్ని. "వదినా, నువ్వు లాయరువి కావలసింది" అని నవ్వేవాడు. అలా వాదించే మనిషే నా కూతుర్ని ఇంట్లో పెట్టుకుని, పొద్దున్నే బడి దగ్గర దింపి వచ్చేవాడు. ఆ రుణం నేను తీర్చుకోలేనిది.

మొదట్లో పిడుగు ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చేది. ఎవరైనా అడిగితే అమ్మానాన్నల సంగతి తెలియదని చెప్పాలి, తడబడకూడదు అని నేను దానికి పాఠం చెప్పినట్టు చెప్పేదాన్ని. పెదవి దాటితే పృథివి దాటుతుందని హెచ్చరించేదాన్ని. నేను మాస్టారిలా ప్రశ్న అడగడం, అది తడుముకోకుండా జవాబు చెప్పడం. కొన్నాళ్లకు ఏడుపు మానేసింది. ఇంకొన్నాళ్లకు ఫోన్ పెట్టేయడానికి తొందరపడటం మొదలుపెట్టింది. చదువు బరువనుకుని సరిపెట్టుకున్నాను.

సీటు వచ్చింది. ఇక మిగిలింది ఇంటి తనిఖీ. పిల్ల నిజంగా ఆ ఇంట్లోనే పెరుగుతోందా అని విశ్వవిద్యాలయం మనిషి వచ్చి చూసుకుంటాడు. అది కూడా అయిపోయిందని, ఆయన టీ తాగి సంతోషంగా వెళ్లాడని చెల్లి ఫోన్ చేసింది. ఆ మాట వినగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు. గండం గడిచింది, ఇక నా పిల్లను నేను చూసుకోవచ్చు అనుకున్నాను. సీటు వచ్చిందని తెలిసినప్పుడే భుజం కొలతా చేతి పొడవూ చెల్లెల్ని ఫోన్లో అడిగి, పశువైద్య విద్యార్థులు వేసుకునే తెల్లకోటు రెండు ఆదివారాల ముందే కుట్టి పెట్టుకున్నాను. కింది అంచు మాత్రం పిల్ల ఒంటి మీద చూసి మడుద్దామని వదిలేశాను. ఇద్దరం వెళ్తే పదిమంది కళ్లలో పడతామని మా ఆయన ఇంట్లోనే ఆగిపోయారు. ఫ్యాక్టరీలో మిగిలిన గళ్ల గుడ్డతో కుట్టుకున్న సంచిలో రెండు రోజులకు బట్టలు సర్దుకుని మర్నాడే బస్సెక్కాను.

పిడుగు నాకంటే బెత్తెడు ఎత్తు పెరిగింది. తలుపు తీసి ఒక్క క్షణం అలాగే నిలబడింది, తర్వాత వచ్చి వాటేసుకుంది. ఆ ఒక్క క్షణం నాకు నచ్చలేదు. రెండేళ్ల తర్వాత చూస్తోంది కదా, తేరుకోవద్దా అని నాకు నేనే చెప్పుకున్నాను. నా సంచి దాని గదిలో మంచం మీద పెట్టింది. చెల్లి టీ పెట్టడానికి వెళ్లింది. మరిది ఆఫీసులో ఉన్నాడు. నేను ముందుగదిలో కిటికీ వెలుతురుకు పిల్లను నిలబెట్టి, కోటు తొడిగి, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, దాని కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అంచు మడవడం మొదలుపెట్టాను. నడుముకు నా సూదుల సంచి కట్టుకుని ఉన్నాను. అదీ ఆ గళ్ల గుడ్డదే. చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

తలుపు తీసే ఉంది. ఎవరో దగ్గారు. కళ్లద్దాలు, చంకలో ఫైలు. నిన్న పిల్ల గది చూడటం మర్చిపోయానని, ఒక్క నిమిషం చూసి వెళ్తానని అంటూ ఆయన లోపలికి వచ్చాడు. అప్పుడు నన్ను చూశాడు.

"ఈవిడెవరు?"

వంటింటి గుమ్మంలో చెల్లి బిగుసుకుపోయింది. నా నోటి నిండా గుండుసూదులు. పిడుగు కిందికి చూసింది. నా మొహం వైపు చూడలేదు, కోటు అంచు వైపు చూసింది.

"కోటు కుట్టే ఆవిడండీ" అంది.

తడబడలేదు. నేను నేర్పినదానికంటే బాగా చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది. తల దించుకుని ఇంకో సూది గుచ్చాను.

పిల్ల ఆయన్ని తన గదికి తీసుకెళ్లి చూపించింది. నా సంచి మంచం మీదే ఉంది. కుట్టుపనికి వచ్చిన మనిషి రెండు రోజుల బట్టలతో రాదు కదా. లోపలి నుంచి మాటలు వినపడతాయేమోనని చెవులు రిక్కించాను. పుస్తకాల గురించి ఏదో అడిగాడు, పిల్ల చెప్పింది, అంతే. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగాడు. పిడుగు మళ్లీ కిటికీ దగ్గర నిలబడింది. మిగిలిన అంచుకు సూదులు పెట్టక తప్పలేదు. ఆయన నన్నే చూస్తున్నాడని వెన్ను మీద తెలుస్తోంది. చక్కగా కుదిరిందమ్మా కోటు అన్నాడు. నేను తలూపాను. ఎప్పటినుంచి కుడుతున్నావని అడిగాడు. చిన్నప్పటినుంచి అన్నాను. ఆ తర్వాత మామూలుగా అడిగినట్టే అడిగాడు.

"పిల్లలున్నారా?"

నోట్లో ఉన్న ఆఖరి సూది తీసి నడుము దగ్గరి సూదుల సంచిలో పెట్టాను. పిల్ల కాళ్లు నా మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఎడమ మోకాలి కింద చిన్నప్పటి మచ్చ ఉంది, సైకిల్ మీద నుంచి పడినప్పటిది. ఆ దెబ్బకు నేనే మందు రాశాను.

"లేరండి" అన్నాను.

చెల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నె ఏదో కింద పడింది. పిడుగు కోటు విప్పి కుర్చీ వీపు మీద వేసి, అలమరలోంచి డబ్బు తీసి ఒక నోటు నా ముందుకు చాపింది.

"ఇదిగోండి. మిగతాది మేం చూసుకుంటాం. మీరు మళ్లీ రానక్కర్లేదు."

నేను కన్న పిల్ల నన్ను ‘మీరు’ అంది. నాటకమే, నాకు తెలుసు. నేను పట్టుకున్నాక కూడా నోటును ఒక క్షణం వదల్లేదు. అది నాకోసమో, సీటు కోసమో ఇప్పటికీ చెప్పలేను. నోటు తీసుకుని దండం పెట్టాను. ఆయన కూడా ఫైలు సర్దుకుని లేచాడు. తను కూడా బస్సు దగ్గరకే వెళ్తున్నానని, రమ్మని అన్నాడు. ఆయన ముందు నేను ఏ గదిలోకి వెళ్లి ఏ సంచి తెచ్చుకుంటాను? ఉన్నపళంగా చెప్పులేసుకుని బయటికి నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. కుట్టుపనికి వచ్చిన మనిషి తిరిగి చూడదు.

వీధి చివరి దాకా ఆయన వెనకే నడిచాను. బస్సుల దగ్గర నీడ చూసి నిలబడ్డాక ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"మీ సంచి ఆ అమ్మాయి మంచం మీద ఉండిపోయిందమ్మా" అన్నాడు.

నా చెయ్యి నడుము దగ్గరున్న సూదుల సంచి మీదికి పోయింది. అవే గళ్లు. ఇక దాచడానికి ఏముంది, ఆ నడిరోడ్డు మీదే ఆయన కాళ్లకు మొక్కబోయాను. చప్పున వెనక్కి జరిగాడు. రాసేది రాసేశానని, అమ్మాయి ఇక్కడి పిల్లేనని, దిగులు పెట్టుకోవద్దని అన్నాడు. అలా అంటున్నప్పుడు ఆయన మొహంలో సంతోషం లేదు. తన అన్నకూతురు కూడా ఈ ఏడాది ఆ సీటు కోసమే రాసిందని, రాష్ట్రం పిల్లల జాబితాలో కొద్దిలో తప్పిపోయిందని చెప్పాడు. వాళ్ల నాన్న ఈ ఊళ్లోనే పుట్టి ఈ ఊళ్లోనే పన్ను కడుతున్నాడట. నాలుగింతలు కట్టమనడం అన్యాయమని రెండేళ్లుగా మరిదితో వాదించినదాన్ని. ఆ పిల్ల ఎవరో, ఇప్పుడు ఎక్కడ కూర్చుని ఏడుస్తోందో అనిపించింది.

"ఒక్క మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి" అన్నాడు. "తనిఖీ ఈ ఒక్కసారితో పోదు. ఏటా ఉంటుంది. ఈసారి నేనొచ్చాను, వచ్చే ఏడు ఎవరొస్తారో. తేలిందంటే సీటు పోతుంది. మీరు ఇక్కడికి రాకండమ్మా."

"ఎన్నాళ్లండీ?"

"చదువయ్యేదాకా. అయిదేళ్లు."

సీటు వచ్చేదాకానే అనుకున్నాను నేను. గండం గడిచింది అనుకున్నాను. ఒడ్డు చేరాననుకున్నదానికి అది నడి ఏరని తెలిసినట్టయింది. అయిదేళ్ల తర్వాత పిడుగు డాక్టరవుతుంది. అప్పటికి ఎవరి గుమ్మం ముందు నిలబడి నేను మీ అమ్మనని చెప్పుకోవాలి? ఈ రోజే తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం ఏటా పెరుగుతుంది.

బస్సొచ్చింది. ఆయన ఎక్కలేదు, ఆయన ఎక్కాల్సింది వేరే బస్సు. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టర్ ఎక్కడికని అడిగాడు. వంతెన అవతలికి అన్నాను. పర్సు మంచం మీది సంచిలోనే ఉండిపోయింది. పిడికిలిలో పిల్ల ఇచ్చిన కూలి నోటు తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. అతను విసుక్కున్నాడు. ఇచ్చేశాను. టికెట్టూ చిల్లరా చేతిలో పెట్టి ముందుకు వెళ్లిపోయాడు.

వంతెన మీదికి వచ్చాక గుర్తొచ్చింది. కోటు అంచుకు సూదులు పెట్టానే గాని కుట్టలేదు. మా చెల్లికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. చూసుకోకుండా పిల్ల అలాగే తొడుక్కుంటే కాళ్లకు గుచ్చుకుంటాయి. ఫోన్ చేసి చెబుదామని నడుము దగ్గర తడుముకున్నాను. అదీ ఆ సంచిలోనే ఉంది.