గీత మొత్తం

కాదు, తప్పు ఈ అడాప్టర్‌దే, లెన్సు ఒక కంపెనీది, కెమెరా ఇంకో కంపెనీది, మధ్యలో ఈ ఇనప రింగు పెళ్లిళ్ల పేరయ్యలా రెంటినీ కలిపింది, కాస్త వదులుగా ఉండే ఉంటుంది, అందుకే వాచీ పలక మీది గీత ఈ చివర స్పష్టంగా వస్తే ఆ చివర మసకేస్తోంది, అనుకుంది ఆమె, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా సంగతి అని వెంటనే తనని తానే తిట్టుకుంది, పది దాటింది, పదకొండింటికి ఈ వాచీ తాలూకు నర్సు వచ్చేస్తుంది, పోయిన మా నాన్న వాచీ అండీ, బాగుచేయమని ఇస్తే లోపలి పలకంతా గీకేశారు అని నిన్న షాపులో అందరి ముందూ ఏడ్చింది, అది పాత తుప్పు గీత అమ్మా, నేను పెట్టింది కాదు అన్నాడు బాబాయి, నలభై ఏళ్లుగా ఈ బల్ల ముందే కూర్చుని వాచీలు బాగుచేస్తున్న బాబాయి, తర్వాత నర్సుని వదిలి ఆమె వైపు తిరిగి, నువ్వు ఫొటోలు తీస్తావుగా తల్లీ, ఆ గీత మొత్తం ఒక్క ఫొటోలో చూపించు, నా పరువు నీ చేతిలో ఉంది అన్నాడు.

పలకని కెమెరాకి ఎదురుగా పెడితే దీపం మెరుపులో గీతే మాయమవుతోంది, ఏటవాలుగా పెడితేనే కనిపిస్తుంది, అలా పెడితే మామూలు లెన్సుకి ఒక చివరే అందుతుంది, ఇంత దగ్గర్నించి తీస్తే స్పష్టంగా వచ్చేది వెంట్రుకవాసి మందమే మరి, అందుకే ఈ మెడ వంచే లెన్సు, మర తిప్పితే లెన్సు వంగుతుంది, ఆ వెంట్రుకవాసి కూడా వాలి పలక పొడుగునా పరుచుకుంటుంది, మూడు డిగ్రీలు, నాలుగు, తుప్పు చివర ఎర్రగా గరుగ్గా బ్రహ్మాండంగా ఉంది, ఐదు, ఆ చివర ఏదో తళుక్కుమంది, ఆమె వేళ్లు మరని వెనక్కి తిప్పేశాయి, మళ్లీ నాలుగు, మళ్లీ మసక, ఇది ఎన్నోసారి, మూడోసారి కదూ, అడాప్టర్ బిగువుగానే ఉంది, భయం నాకే, చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒంటికంటికి భూతద్దం పెట్టి చీమంత చక్రాలు చూపించిన మనిషి, ఇంత గీతకి అబద్ధమాడతాడా, ఆడితే, ఆ నర్సు ఊరికే అబద్ధాలకోరు అయిపోవాలా, ఏమ్మా, అయిందా, అంటూ వెనక బాబాయి, ఒక్క నిమిషం బాబాయ్, మర తిప్పింది, ఐదు, ఆరు, బటన్ నొక్కేసింది.

తెర మీద గీత మొత్తం వచ్చింది, తుప్పు సగం దాకానే, అక్కణ్ణించి చివరిదాకా తళతళలాడే కొత్త లోహం, స్క్రూడ్రైవర్ జారి గీసుకుపోయిన జాడ, నిన్నమొన్నటిది, ఎవరు చూసినా ఇట్టే చెప్పేస్తారు, కోపంతో ఆమె చెవులు వేడెక్కాయి, ఇదిగో, నువ్వే చూడు అని కెమెరా తెర ఆయన వైపు తిప్పింది, నసుగుతాడు, మాట మారుస్తాడు, తల దించుకుంటాడు అనుకుంది, ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి తెర దగ్గరికి వంగాడు, ఇంకా వంగాడు, ముక్కు తగిలేంత వంగి, హమ్మయ్య అన్నాడు, చూశావా, ఈ చివర్నించి ఆ చివరిదాకా తుప్పే, నే చెప్పలా, అని ఆ మెరిసే లోహం మీదే వేలు పెట్టి పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వాడు, ఆ నవ్వులో దాపరికం కోసం ఆమె వెతికింది, ఎంత వెతికినా దొరకలేదు, బాబాయి అబద్ధం ఆడలేదు, బాబాయికి కనిపించడం లేదు.