పబ్బు కిటికీ, ప్రణీత్ చెవి

రండి, దగ్గరికి జరగండి. ఏజాక్స్ నుంచి అంత దూరం డ్రైవ్ చేసుకొచ్చినవాళ్ళు ముందు కూర్చోండి. ఆ వెనకాల చిప్స్ పొట్లం గలగలలాడించే మహానుభావా, కాసేపు ఆపు. అమ్మలూ, చీరల ముచ్చట తర్వాత. నోళ్ళు మూసుకుంటే ఒక చెవి కథ చెబుతాను. మీ చెవులు మీకున్నాయి కదా, అదృష్టవంతులు.

కాలేజీల పేరు చెప్పి మన పిల్లలు ఈ కెనడాలో విమానాల నిండా దిగిన ఏడాది అది. కిచెనర్‌లో బేస్‌మెంట్లన్నీ కిక్కిరిసిపోయాయి. ఒకడు పక్కకి ఒత్తిగిలాలంటే వరసలో ఉన్నవాళ్ళంతా లేచి, మీటింగు పెట్టుకుని, మళ్ళీ పడుకునేవాళ్ళు. అక్కడ కాలు పెట్టే చోటు దొరక్క, ప్రణీత్ అనే సిద్దిపేట కుర్రాడు ఊరవతల ఒక పల్లెలో పాత పబ్బు మీది గదిలో చేరాడు. కింద తాగేవాళ్ళు, పైన ప్రణీత్, వాడి రూమ్మేట్ నర్సింహ. పబ్బు ఓనరు మనవాడే. అమరేశ్వరరావుగారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వేలికి పగడపుటుంగరం.

ప్రణీత్ పరుపు కిటికీ కిందే. ఆ కిటికీ చెక్క ఎప్పుడో ఎండి ముడుచుకుపోయి, ఫ్రేముకీ గోడకీ మధ్య పిల్లి దూరేంత సందు. జనవరిలో ఆ సందులోంచి కొట్టే గాలికి చాయ్ మీది ఆవిరి గడ్డకట్టి నిలబడిపోతే, నర్సింహ దాని మీద తువాలు ఆరేసుకున్నాడు. నవ్వకండి, నిజం. ప్రణీత్ ఎడమ చెవి మాత్రం నల్లబడసాగింది. క్లినిక్‌లో డాక్టరు ఆ చెవిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ గాలి ఇంకోసారి గట్టిగా తగిలిందంటే పై ముక్క రాలిపోతుంది" అని చల్లగా చెప్పి పంపించాడు.

ప్రణీత్ ఓనరు దగ్గరికి పరిగెత్తాడు. "అంకుల్, మీ కాళ్ళు మొక్కుత. కిటికీ మార్పియ్యుండ్రి. చెవి పోయేటట్టున్నది."

"మార్చనన్నానా? కొత్తవి కొనేశాను కూడా. పర్మిషన్ రావద్దూ?" అన్నాడు అమరేశ్వరరావు. "ఇది హెరిటేజ్ బిల్డింగురా అబ్బాయ్, పాతది పాతగానే ఉంచాలని రూలు. కిటికీ మార్చాలంటే కమిటీ ఒప్పుకోవాలి. రేపు చూట్టానికొస్తున్నారు. ఈ కిటికీ ఎందుకూ పనికిరాదని వాళ్ళకి అనిపించాలి, అంతే. నువ్వేం చెయ్యక్కర్లేదు. గది ఎలా ఉందో అలా ఉంచు."

అలా ఉంచడం మనవాళ్ళ వల్ల అవుతుందా? పొద్దున్నే నర్సింహ గది నాలుగు మూలలా చూసి మొహం చిట్లించాడు.

"అరేయ్, పెద్దమనుషులు ఇంటికొస్తున్రు. వాళ్ళు గీ చలిల వణుక్కుంట కూసోవాల్నా? మన ఇజ్జత్ ఏంగావాలె?"

ఇజ్జత్ మాట చెవిన పడగానే ప్రణీత్ ఆ చెవినే మరిచిపోయాడు. ఇద్దరూ కలిసి పాత లుంగీ చింపి సందుల్లో కుక్కారు. చెక్క రంగులో కలిసిపోతుందని మైదాపిండిలో పసుపు కలిపి, ముద్ద చేసి లోపలా బయటా మెత్తారు. కొత్త దుప్పటి కర్టెన్‌గా కట్టారు. అగరొత్తులు వెలిగించారు. ఉల్లిపాయ పకోడీలకి స్టవ్ మీద మూకుడు పెట్టారు. గది బెజవాడ రోహిణీ కార్తెలా వేడెక్కింది.

కమిటీ పెద్దావిడ పేరు హిల్డా. మెట్లెక్కి వస్తూనే కోటు విప్పింది. పకోడీ నోట్లో వేసుకుని స్వెటర్ విప్పింది. ఇంకోటి తిని, కాయితంతో విసురుకుంటూ అడిగింది.

"బాబూ, ఇక్కడ నీకు చలిగా ఉంటుందా?"

ఆవిడ వెనక నిలబడి అమరేశ్వరరావు 'చెప్పు, చెప్పు' అని కళ్ళెగరేశాడు. ఇంటికొచ్చిన మనిషి అడిగితే ప్రణీత్ నాలిక మీదికి వచ్చే జవాబు ఒక్కటే.

"నో నో మేడమ్! నో ప్రాబ్లమ్. ఫుల్ కంఫర్టబుల్!"

అమరేశ్వరరావు వాడి నడుం మీద కసుక్కున గిల్లాడు. పకోడీలు ఇంకా పెట్టమంటున్నాడనుకుని ప్రణీత్ పళ్ళెం ముందుకు జరిపాడు.

"మరి ఆ చెవి?"

"పుట్టుమచ్చ మేడమ్."

వారం తిరక్కుండానే తీర్పు వచ్చింది. ఆ కిటికీలు ఇంత వయసులోనూ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి, మార్చడానికి వీల్లేదు. కాకపోతే వాటికి మెత్తిన పచ్చటి పిండి పాత చెక్కని పాడుచేస్తుంది, వెంటనే గీకేయాలి.

"పుట్టుమచ్చా?" అమరేశ్వరరావు మెట్ల మీదనుంచే అరుచుకుంటూ వచ్చాడు. "వాళ్ళేమన్నా నీకు పిల్లనివ్వడానికి వచ్చార్రా, మర్యాదలు చెయ్యడానికి?"

"తప్పయింది అంకుల్. మల్లొక్కసారి అప్లై చెయ్యుండ్రి."

"వచ్చే ఏడు చూద్దాం. ఆ కొత్త కిటికీలు మా గరాజుకి పెట్టిస్తున్నా, కారుకి చలేస్తోంది. ఇద్దరూ వచ్చి మోయండి. తిరిగొచ్చాక ఆ పిండి నువ్వే గీకు. మెత్తింది నువ్వేగా."

మోశారు. కారు వెచ్చబడింది. ప్రణీత్ తిరిగొచ్చి, అట్లకాడ పట్టుకుని, కిటికీ పైకెత్తి, తల బయటపెట్టి గీకడం మొదలెట్టాడు. పిండి పెళ్ళలు కింద వీధిలో రాలుతున్నాయి. పొలాల మీదినుంచి వచ్చే గాలికి అడ్డేముంది? నేరుగా వాడి ఎడమ చెవిని వెతుక్కుంటూ వచ్చింది. కాసేపటికి పిండి పెళ్ళతో పాటు ఇంకోటి కూడా టప్పున రాలింది. నొప్పన్నా తెలియలేదు. చెయ్యి పెట్టి తడుముకుంటే చెవి సగంలోనే అయిపోయింది.

"నర్సింహా! కిందికి ఉరుకు! చెవి పడ్డదిరా!"

నర్సింహ మెట్లన్నీ ఒక్క దూకులో దిగాడు. అప్పటికే పబ్బులోంచి బయటికొచ్చిన ముసలాయన కుక్క నేలంతా నాకేసి, మూతి తుడుచుకుంటోంది. ముసలాయన టోపీ ఎత్తి, పైన కిటికీలో నెత్తురోడుతున్న ప్రణీత్‌ని చూసి, నిండుగా నవ్వాడు.

"మా కుక్కకి నీ వంట బాగా నచ్చిందయ్యా! మధ్యలో ఒక్క ముక్క మాత్రం ఉడకలేదంటోంది."