పద్నాలుగో భాగంలో మెట్ల దెయ్యం

పాతికేళ్ల కిందటి దెయ్యాల సీరియల్ మొత్తం ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారని మా అమ్మాయి చెప్పింది. చెప్పడమేమిటి, నేను కూరలు తరుగుతుంటే లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"నీ దెయ్యానికి ఎంతమంది అభిమానులో చూడమ్మా! పాపం, హీరోని తలుచుకునే దిక్కే లేదు."

అందులో నేను మెట్ల దెయ్యాన్ని. పాడుబడ్డ కోటలో దీపం పట్టుకుని మెట్లు దిగడమే నా పాత్ర. మాటల్లేవు, మొహం లేదు. మొహానికి అట్ట ముసుగు, కళ్ల దగ్గర రెండు సన్నటి చీలికలు. కాళ్లు కనిపించవు కాబట్టి మడమతో మెట్టు అంచు వెతుక్కుని, అప్పుడు బరువు వేసేదాన్ని. పడిపోకుండా నేను చేసుకున్న ఏర్పాటు అది. చూసేవాళ్లకి ఒళ్లు జలదరించేది దానికే. మా అపార్ట్‌మెంటు మెట్ల మీద సాధన చేస్తుంటే, అక్క మెడలో టేపు వేసుకుని కింద కూర్చుని తప్పులు చెప్పేది. ఆ సీరియల్‌కి దుస్తులు కుట్టేది అక్కే. నన్ను అక్కడికి తీసుకెళ్లిందీ తనే.

ఎనిమిది భాగాలు చేశాక నాకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు సాయంత్రం అక్క మంచం పక్కన కూర్చుని, "నీ పాత్రని చంపేశారే" అంది. నేను ఏడిస్తే తనే కళ్లు తుడిచింది. ఆ తర్వాత సీరియల్ వచ్చే టైముకి లేచి టీవీ కట్టేసేది. చూస్తే నాకే బాధట. పక్కింటావిడ ఓసారి "నిన్న భలే భయపెట్టావమ్మా" అంటే, పాత ముక్కలే మళ్లీ వేసి ఉంటారంది అక్క. నమ్మాను. అక్క కదా.

"అందరూ పద్నాలుగో భాగం గురించే రాస్తున్నారు" అంది అమ్మాయి. "ఆవిడ మా అమ్మే అని నేనూ రాసేశాను."

"పద్నాలుగులో నేను లేను."

"ఉన్నావు తల్లీ, చూడు."

చూశాను. నా ముసుగు, నా దీపం, మెట్టు అంచు వెతుక్కునే నా మడమ. గౌను మాత్రం కింద నాలుగు వేళ్ల మేర మడిచి కుట్టి ఉంది. అక్క నాకంటే సరిగ్గా నాలుగు వేళ్లు పొట్టి. పొడుగైన బట్టని ఏనాడూ కత్తిరించదు, మడిచి కుడుతుంది. ఆరో మెట్టు మీద ఆ మనిషి ఒక్క క్షణం ఆగింది. నేనెప్పుడూ అలా ఆగలేదు. ఆగి ఉండాల్సింది.

"మీ పెద్దమ్మని రమ్మను" అన్నాను.

అక్క ఇల్లు రెండు వీధుల అవతలే. అరగంటలో వచ్చింది. "ఏమే, కొంప మునిగినట్టు పిలిపించావు?" అంటూ కూర్చోబోయి, తెర మీద బొమ్మ చూసి నిలబడిపోయింది.

"ఒక్కరోజుకనే వెళ్లానే" అంది చివరికి. "నువ్వు లేవలేకుండా ఉన్నావు. డైరెక్టరు నెత్తీ నోరూ బాదుకుంటున్నాడు. గౌను నా చేతిలో ఉంది."

"రెండో రోజు?"

అక్క కుర్చీ అంచున కూర్చుంది.

"వాళ్లు నన్ను అడగలేదా?"

"అడిగారు. నీకిష్టం లేదని, ఇక రావని చెప్పాను." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "పదేళ్లు కుట్టానే ఆ స్టూడియోలో. టైలరమ్మా ఇటు రా, టైలరమ్మా ఈ బొత్తాం చూడు. ఆ ముసుగుతో దిగిన రోజు అంతమందీ ఊపిరి బిగబట్టి నన్నే చూశారు. తీసి నీకివ్వబుద్ధి కాలేదు."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు. ఆ మాట పైకి అనలేదు.

"పాత్రని చంపేశారని చెప్పి నా కళ్లు తుడిచావే, ఆ రోజు?"

"ఆ రోజు కూడా షూటింగ్ నుంచే వచ్చాను" అంది అక్క.

అమ్మాయి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"పోనీలేవే, నీ పేరే ఉండనీ. పిల్ల ఎలాగూ రాసేసిందిగా. ఈ వయసులో నాకెందుకు?" అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. నేను పక్కకి జరిగాను.

"నువ్వు రాసింది తీసెయ్" అన్నాను అమ్మాయితో. "మీ పెద్దమ్మ అని రాయి."

"ఆఫీసులో అందరికీ చెప్పేశానమ్మా!"

"వాళ్లకీ చెప్పు."

మూతి ముడుచుకుని రాసింది. అక్క తెర వైపు వంగింది. కళ్లజోడు తెచ్చుకోలేదు. "మిగతావాళ్లు ఏం రాశారే?" అని అడిగింది, చిన్న గొంతుతో.

అమ్మాయి నా వైపు చూసింది.

"చదువు" అన్నాను.

ఒక్కొక్కటే చదవసాగింది. ఆ నడక చూసి నెలరోజులు ఒంటరిగా మెట్లెక్కలేదని ఒకరు. ఆ ఆరో మెట్టు ఇప్పటికీ కల్లోకొస్తుందని ఒకరు. అక్క తల వంచుకుని వింటోంది. నేను వంటింట్లోకి వెళ్లాను. అక్కడికీ వినిపిస్తూనే ఉంది.