చల్లారిన పులిహోర

గుండిగలోని అన్నాన్ని బిక్షం తెల్లగుడ్డ మీద పలచగా పరుస్తున్నాడు. యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంటకు చేరి ఇరవై ఆరేళ్లు. గుండిగలెత్తి ఎత్తి కుడిభుజం కిందికి దిగింది. ముంజేతుల నిండా కాలిన మచ్చలు. ఆయన వంట తిని ఆఫీసర్లయినవాళ్లలో ఒక్కరికీ ఆయన పేరు తెలియదు.

ఐదు గంటల దూరంలో ఏరు పొంగి ఊళ్లు మునిగాయి. హాస్టల్ పిల్లలు చందాలు పోగేశారు. పులిహోర పొట్లాల లారీకి పదింటికి జెండా ఊపాలని యూనివర్సిటీ పెద్దసారు బయలుదేరారు కూడా.

వార్డెన్ నరహరి గాబరాగా వచ్చాడు. "ఏంది బిక్షం, ఇంకా కట్టలే?"

"వేడిమీద కడితే చెమట పడ్తది సార్. గాడికి పోయేసరికి పాసిపోతది."

"పోయినేడు గట్లనే కట్టినం గదా?"

"గందుకే చెప్తున్న."

పోయినేడు ఆ తొందరలో కట్టింది ఆయన చేతులే. అక్కడ బడిలో తలదాచుకున్నవాళ్లు పొట్లాలు విప్పి, వాసన చూసి పారేశారు. ఆకలికి ఆగలేక ఒక ముసలమ్మ తినేసింది. వాంతులతో ఆమెను ఆస్పత్రికి మోసుకుపోయారని డ్రైవర్ చెప్పాడు. బతికిందా అని అడగడానికి బిక్షానికి నోరు రాలేదు. ఆ సిగ్గు ఏడాదిగా ఆయన్ని తింటూనే ఉంది.

"గంట ఆగుదాం సార్" అంది చందాలు పోగేసిన విద్యార్థిని కరుణ. పెద్దసారు ఖాళీ లారీకే జెండా ఊపి, ఫొటో దిగి వెళ్లిపోయారు.

బిక్షం అన్నం తిరగేస్తూనే ఉన్నాడు. నుదుటి మీద చెమట.

"కూసో అన్నా, మొఖం పాలిపోయింది" అంది కరుణ.

"గ్యాస్ పట్టిందమ్మా. తిప్పకపోతే అడుగున వేడి నిలుస్తది." గుడ్డ అంచు సర్దుతూ అన్నాడు: "రేపట్నుంచి పొట్లాలొద్దు బిడ్డా. బియ్యం, పప్పు, గిన్నెలు పంపుండ్రి. ఇండ్లు మునిగినయ్ గానీ వండుకోనీకి వాళ్లకు చేతులున్నయ్."

పదకొండున్నరకు లారీ తార్నాక వైపు మలుపు తిరిగింది. అది కనుమరుగయ్యేదాకా నిలబడి, బిక్షం స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తాలకు చేరగిలపడ్డాడు. ఒంటిగంటకు కరుణ ఆయన కోసం ఒక పొట్లం పట్టుకొచ్చింది. నిద్రపోతున్నాడనుకుని లేపకుండా వెళ్లింది.

ఐదింటికి డ్రైవర్ ఫోన్ చేశాడు. కరుణ పరుగున వచ్చింది.

"అన్నా, ఒక్క పొట్లం గూడ పాడుగాలేదంట! ఆడి పిల్లలు మళ్లడిగి తిన్నరంట!"

ఆయన కదల్లేదు. అదే మాట ఇంకోసారి చెప్పి చెయ్యి పట్టుకుంది. చల్లగా, బిగుసుకుపోయి ఉంది. కరుణ గోడకు జారగిలి గట్టిగా ఏడ్చింది. తాను ఒంటిగంటకు చూసినప్పటికి ఆయన ఉన్నాడో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

అప్పుడు ఆమె ఆయన పక్కన పెట్టిపోయిన పొట్లం, కట్టిన దారం కట్టినట్టే, బస్తా మీద ఉంది.