సైకిలు ఏ పక్కన పోవాలి

మా ఆయన పేరు సన్యాసి. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. లబాసా ఊళ్ళో మమ్మల్ని ఎరిగినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

మా తాతలు చెరకు కూలికి ఓడెక్కి వచ్చిన ఈ దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, చెరకు తోటల నుంచి మిల్లుకు పోయే రోడ్డుకు తారు వేశారు. రెండు అంచులా తెల్ల గీత గీసి సైకిళ్ళకు కాస్త జాగా విడిచారు. మా రాజ్‌కుమారి బడికి పోలీసాయన వచ్చి చెప్పి వెళ్ళాడట, నడిచేవాళ్ళు బండ్లకు ఎదురుగా కుడి పక్కన నడవాలి, సైకిలు మాత్రం బండ్లతో పాటు ఎడమ పక్కనే పోవాలి అని. పిల్ల ఇంటికొచ్చి ఆ పాఠం తండ్రికి అప్పజెప్పింది. నడిచేవాడికి ఒక న్యాయం, తొక్కేవాడికి ఒక న్యాయమా అని ఆయన నవ్వాడు. చిన్నప్పటి నుంచీ చెరకు లారీలకు ఎదురుగా నడిచి పెరిగిన మనిషి. వెనక నుంచి వచ్చేదాన్ని నమ్మనని, ఏది వచ్చినా కళ్ళతో చూడాలని పంతం. సైకిలు కూడా కుడి పక్కనే తొక్కేవాడు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చే వేళకే ఆయన తోటలో ఎడ్లకు మేత వేయడానికి బయలుదేరేవాడు. ఇద్దరూ ఒకే గీత లోపల ఎదురుపడేవాళ్ళు. నాయనా, ఇవాళ కూడా తప్పు పక్కనేనా అని పిల్ల గంట కొట్టి ఆటపట్టించేది. సైకిలు దిగి గడ్డిలోకి తప్పుకునేది. పెద్దవాళ్ళు ఎదురైతే పిల్లలే దారి ఇవ్వాలి. మేం నేర్పిందే కదా.

ఒక వానరోజు గడ్డి పక్క కాలువ పొంగింది. ఆ రోజు నా బిడ్డ ఇంటికి రాలేదు. లారీ కింద పడిందని ఎవరో వచ్చి చెప్పారు. పోలీసు స్టేషనుకు పరుగెత్తాను. మా ఆయన అప్పటికే అక్కడున్నాడు.

లారీ నడిపింది మా పక్క తోట సత్యేంద్ర. పోలీసు స్టేషన్లో తల వంచుకుని కూర్చున్నాడు. నీ చేతులు పడిపోను అని తిట్టాను. పిల్లే గీత దాటి రోడ్డు మీదికి వచ్చిందని పోలీసాయన అంటే ఆయన మీదికీ లేచాను. నా బిడ్డకు ఏ పక్కన పోవాలో తెలుసు, అది గీత దాటదు అన్నాను. వీణ్ణి జైల్లో వేసేదాకా కదలనన్నాను.

మా ఇంట్లో మాటలన్నీ హిందీలోనే. తెలుగు దేవుడి ముందు మాత్రమే. అప్పుడు మా ఆయన నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"నాగమ్మా, నేను ఎదురు పోతా ఉంటి. గడ్డిలో నీళ్ళు. బిడ్డ నాకు లోపలి జాగా ఇచ్చి తను రోడ్డు మీదికి పోయె. దాని వెనక లారీ నాకు కనిపిస్తా ఉండె. అరిచే లోపల అయిపోయె."

ఏది వచ్చినా కళ్ళతో చూడాలన్నాడు. చూశాడు.

అదే మాట పోలీసాయనకు హిందీలో చెప్పాడు. సత్యేంద్రను వదిలేశారు. మా ఆయన నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నా కోపానికి సత్యేంద్ర మిగిలేవాడు. ఇప్పుడు ఆ కోపాన్ని మోసుకుని ఈ మనిషి ఉన్న ఇంటికే వెళ్ళాలి.

అన్నం పెట్టాను. మాట మాత్రం పెట్టలేదు. చెరకు నరికి, మళ్ళీ మొలక వచ్చేదాకా అంతే. ఆయన సైకిలు ఎక్కడం మానేశాడు. మేత మోపు దాని మీద కట్టి, చేత్తో నడిపించుకుంటూ పోయేవాడు.

ఒక సాయంత్రం నేనూ అటే వెళుతున్నాను. ముందు ఆయన ఎడమ గీత లోపల, లారీలకు వీపు పెట్టి నడుస్తున్నాడు. వెనక నుంచి లారీ చప్పుడైంది. తిరిగి చూడలేదు, పక్కకు జరగలేదు. భుజాలు ముడుచుకుని నిలబడిపోయాడు. లారీ దాటిపోయాక మళ్ళీ నడిచాడు. ఇంకొకటి వచ్చింది. మళ్ళీ అలాగే నిలబడ్డాడు. అది తనను గుద్దాలనే ఎదురు చూస్తున్నాడని నాకు అర్థమైంది.

నా కోపం పోలేదు. ఈ జన్మకు పోదు. అయినా పరుగున వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను.

"నడువు. వెనక నేను చూస్తా," అన్నాను తెలుగులో.

ఆయన తిరగలేదు. అలాగే ఏడుస్తూ నడిచాడు. తోట దాకా నేను వెనక్కి చూసుకుంటూనే నడిచాను.