హీట్ పంపుకి కట్టిన ఎర్ర ఇల్లు

టోర్గెయిర్‌ది చాలా జాలిగుండె. పెళ్ళాం మీద కాదులెండి, హీట్ పంపు మీద.

జీవితమంతా బర్చ్ కట్టెలు కొట్టి, పేర్చి, పొయ్యి రాజేసిన మనిషికి ఈ ఏడు నడుం పట్టేసింది. పెళ్ళాం గున్వోర్ పోరు పడలేక హీట్ పంపు పెట్టించాడు. బయట చలిగాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి ఇంట్లోకి తోస్తుంది అది. తమ మంచు ఊరు ట్యున్‌సెట్ చలికి కూడా ఢోకా లేదని బిగించినవాళ్ళు చెప్పి వెళ్ళారు.

దాని ఫ్యాను పెట్టె గోడ బయట ఉంటుంది. దాని నెత్తిన మంచు పడుతుంటే ఈయన ప్రాణం ఉసూరుమంది.

"పాపం, ఎలా వణికిపోతోందో చూడవే!"

"వణకడం కాదయ్యా, ఫ్యాన్ తిరుగుతోంది."

వింటేగా! దానికో ఇల్లు కట్టాడు. ఎర్ర రంగు, తెల్ల కిటికీలు, గడ్డి కప్పు, చలి దూరకుండా గోడల నిండా గాజు దూది, తలుపుకి గొళ్ళెం. పక్కింటి ఈవర్ ఫోటో తీసి ఊరి గ్రూపులో పెడితే ఒకటే పొగడ్తలు. టోర్గెయిర్ అవన్నీ మురిసిపోతూ చదివాడు, స్వెట్టర్ మీద స్వెట్టరేసుకుని. ఎందుకంటే ఇంట్లో చలి.

ముందు కంపెనీవాళ్ళు మోసం చేశారన్నాడు. తర్వాత గోడలు పాతవన్నాడు. చివరికి, "నీకు రక్తం తక్కువే, అందుకే నీకంత చలి," అన్నాడు.

మగ్గం నేస్తూ నేస్తూ చలికి వేళ్ళు కొంకర్లు పోయి కూర్చున్న గున్వోర్ లేచి సూట్‌కేస్ సర్దింది.

"ఈస్టర్ దాకా హామర్‌లో మా చెల్లి దగ్గరుంటా. నువ్వూ నీ రక్తమూ చల్లగా ఉండండి."

కారు దగ్గరికి పోతూ పోతూ ఆ బుల్లి ఇంటి గొళ్ళెం తీసి చెయ్యి పెట్టింది. లోపలంతా ఐసు గడ్డ.

"ఇటు రావయ్యా మేస్త్రీ! బయటికంటే ఇందులోనే చలెక్కువ. లోపలున్న వేడంతా పంపు పీల్చేసుకుంది. కొత్త గాలి ఎట్నుంచి రావాలి? ముక్కూ నోరూ మూసేసి ఊపిరి పీల్చమంటే ఎలా?"

టోర్గెయిర్ వంగి లోపలికి చూశాడు. "పోనీ తలుపొకటి తీసుంచితే?" అన్నాడు బతిమాలుతూ.

ఆమె కారెక్కి ఇంజను ఆన్ చేసింది. "గోడలన్నా పోవాలి, నేనన్నా పోవాలి. అద్దం మీద మంచు కరిగేలోపు తేల్చుకో."

ఆయన అద్దం వంక చూశాడు, గోడల వంక చూశాడు. గునపం తెచ్చాడు. ఆ నడుంతోనే, మూలుగుతూ నాలుగు గోడలూ కూల్చాడు. నాలుగు గుంజల మీద కప్పొక్కటే మిగిలింది.

అంతలో ఈవర్ కొలతల టేపుతో దిగాడు, తన పంపుకీ అలాంటి ఇల్లే కడదామని.

"అయ్యయ్యో! ఎవరు కూల్చారన్నా?"

టోర్గెయిర్ కారు వంక చూశాడు. గున్వోర్ అద్దం దించి వింటోంది.

"నేనే. దానికి గాలాడాలట్రా. పైన కప్పు చాలు."

"గోడల్లేకపోతే అదేం ఇల్లన్నా?"

"ఇల్లు మనుషులకిరా!" అని కసిరాడు.

కారు ఇంజను ఆగింది. ఐసు కరిగి, సాయంత్రానికి ముందు గది వెచ్చబడ్డాక గున్వోర్ కోటు విప్పి మేకుకి తగిలించింది.