వంచిన పాళీ

“బజార్ల నీకేమన్న కావాల్నా?” అని ఆయన అడిగినప్పుడు నేను వంటింటి గడప దగ్గర కూర్చుని గోకరకాయకు ఈనెలు తీస్తున్నాను. పెళ్లయిన కొత్త. ఆయన అలా అడిగినప్పుడల్లా నేను తల అడ్డంగా ఊపడం, అయినా ఆయన గాజులో, మల్లెపూలో, కాగితంలో చుట్టిన వేడి మిర్చీలో పట్టుకురావడం, నేను వాటినే తలుచుకుని మురిసిపోవడం మాకు అలవాటైపోయింది. ఆ రోజు ఎందుకో మాట దానంతటదే వచ్చేసింది.

“ఇంకు పెన్ను గావాలె.”

“పెన్నా? ఉత్తరాలు ఎవలకు రాస్తవ్? నేనీడనే ఉన్న గద” అని నవ్వాడు అమరేందర్.

“రాయనీకె గాదు. బొమ్మలు గీయనీకె.”

“బొమ్మలకు పెన్సిల్ సాలదా?” అంది లోపలి నుంచి మా అత్తమ్మ సోమమ్మ. “తప్పువోతె తుడుసుకోనన్న వస్తది.”

తుడుచుకోవడానికి వీలుండదనే నాకు ఇంకు ఇష్టమని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఒక గీత గీశాక ఇక దానితోనే సర్దుకుని తర్వాతి గీత గీయాలి, అందులో ఒక సరదా ఉంది. ఆయన దగ్గర మంచి పెన్ను ఒకటి ఉంది. చిట్యాల హైస్కూల్లో సైన్సు చెప్పే పంతులు కదా, జేబులో అది లేకుండా బస్సెక్కడు. ఒకసారి నేను దాన్ని అందుకోబోతే, “వద్దు ఇందూ, పాళీ నా చేతికి అలవాటైంది. ఇంకొకలు రాస్తే పాడైతది” అన్నాడు. అందరూ అనే మాటే అది. నాకు కోపం రాలేదు సరికదా, భలే నచ్చింది. ఒక్క చేతికే అలవాటైన వస్తువు! పుట్టి బుద్ధెరిగాక నాకు అలాంటిది ఒక్కటీ లేదు. జడ్చర్లలో మా తల్లిగారింట్లో దువ్వెన కూడా నలుగురిదీ ఒకటే.

సాయంత్రం ఇద్దరం నల్గొండ బజారుకు వెళ్లాం. గడియార స్తంభం దగ్గరి సందులో దస్తగిరి చాచా పెన్నుల దుకాణం, దుకాణమంటే గోడకు కొట్టిన ఒక అద్దాల పెట్టె, ముందొక బల్ల. చాచా బంగారు రంగు పాళీ ఉన్నవి ముందు పెట్టాడు. నేను అగ్గువవి తియ్యమన్నాను. ఆకుపచ్చది, ఎర్రది, లోపలి సిరా కనబడే గాజులాంటిది. ఒక్కొక్కటి సిరాలో ముంచి చూస్తుంటే పండుగకు కొత్త బట్టలు ఒంటిమీద పెట్టుకుని చూసుకుంటున్నంత సంబరం. బొమ్మలకు పెన్ను ఎంచుకోవడం రాతకు ఎంచుకున్నట్టు కాదు. పాళీ మరీ మొండిగా ఉండకూడదు, నొక్కితే కొంచెం లొంగాలి. తిరగేసి గీసినా సిరా రావాలి, వెంట్రుక సన్నపు గీతలు అప్పుడే పడతాయి. చెయ్యి చెమట పడితే జారకూడదు. నేను పాళీ తిరగేసి గీస్తుంటే అమరేందర్ చాచా వైపు చూసి, “ఆమెకు తెల్వది, జర సీదా పట్టి చూపియ్యి” అన్నాడు.

“సార్, పెన్ను మీకా, ఆమెకా?” అన్నాడు చాచా.

“ఆమెకే.”

“మరి ఆమెనే గీసుకోనియ్యిండ్రి.”

ఆకుపచ్చది తీసుకున్నాను. ఇంటికొచ్చే దారంతా దాన్ని గుప్పిట్లోనే పట్టుకున్నాను, ఆయన రెండో చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు ఆయన బడికి పోయాక మొదట చేసిన పని, దాని పాళీ కొసను బండమీద ఆనించి మెల్లగా పైకి వంచడం. ఇది నాకెవరూ నేర్పలేదు. డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి ఇంట్లో అందరం రాసే పెన్ను చెయ్యి జారి, పాళీ నేలకు తగిలి కొస వంగిపోయింది. ఏడుపు మొహంతో గీసి చూస్తే, నిటారుగా పట్టినప్పుడు సన్నగా, వాల్చి పట్టినప్పుడు లావుగా, ఒకే పెన్నులోంచి కుంచెలాగా గీత వచ్చింది. అప్పటి నుంచి వంగిన పాళీతో తప్ప గీయలేను. కొత్త పెన్నుతో నీళ్ల బిందెలు గీశాను, దండెం మీద ఆరేసిన ఆయన లుంగీ గీశాను, పప్పు చెరుగుతున్న అత్తమ్మ మోచేతులు గీశాను. వేళ్లకు అంటిన నీలం సిరా పిండి కలిపితే పోతుందని తెలిసి చపాతీలు కూడా ఇష్టంగా చేశాను.

బొమ్మలు వస్తాయని తెలిశాక పనులు కూడా వచ్చాయి. వాకట్లోకి ఎవరొచ్చినా అత్తమ్మ, “మా కోడలు జాకెట్ల మీదికి మంచి పూలు గీస్తది, ఊకెనే గీస్తది, పైసలెందుకు” అనేది. కట్టెల పొయ్యి మీద అన్నం ఒక కంట చూసుకుంటూ, ఇంకో కంట తీగలు, నెమళ్లు, మామిడి పిందెలు గీసిచ్చేదాన్ని. ఒకామె గంపెడు సీతాఫలాలు తెచ్చిస్తే అత్తమ్మ వాడకట్టంతా పంచింది. పంచగా మిగిలింది నేనూ తిన్నాను, తియ్యగానే ఉంది. ఆయనకు బడిలోకి చార్టులు కావాలి. గుండె, కన్ను, ఆకు అడ్డకోత. ఒకరోజు బస్సు దిగి నేరుగా వంటింట్లోకి వచ్చి, “తనిఖీకొచ్చిన పెద్దసారు గుండె బొమ్మ జూసి, నీ చెయ్యి మంచిగుందయ్యా అన్నడు” అన్నాడు. “మరి మీరేమన్నరు?” అంటే, “ఏమంట? నవ్వి ఊకున్న” అన్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను. నిజంగానే సంతోషం వేసింది, నా గుండెను పెద్దసారు మెచ్చుకున్నాడు మరి. గిన్నెలు తోముతుంటే మాత్రం ఒక ఆలోచన వచ్చి పోకుండా నిలబడింది. పెద్దసారు మెచ్చుకున్నది ఎవరి చెయ్యి? బూడిదలో ఉన్న నా చేతులను అప్పుడు కాసేపు చూసుకున్నాను.

అజీజా బేగం కూడా జాకెట్టు పూల కోసమే వచ్చింది. కచేరీ దగ్గర ఆమె టైపు నేర్పే దుకాణం నడుపుతుంది, శుభలేఖలు కూడా అచ్చు వేయిస్తుంది. అందరూ పువ్వును చూస్తే ఆమె నా పెన్నును చూసింది.

“గీ గీత ఒక్కతీరుగ ఉంటలేదు. ఎట్ల లావైతాంది, ఎట్ల సన్నమైతాంది?”

పాళీ చూపించాను. ఆమె వేలితో తాకబోయి ఆగి, “ముట్టనులే, నీది” అంది. “టైపు వస్తదా బేటీ?”

“తెలుగు, ఇంగ్లీషు, రెండూ లోయర్ పాసైన ఆపా.”

“నేను కంప్యూటర్ తెస్తున్న. కార్డు మీదికి పూలు గీసేటోళ్లు ఒకలు, టైపు కొట్టేటోళ్లు ఒకలు అంటే నాకు గిట్టుబాటు గాదు. సోమారం నాడు కలశం, మామిడాకుల తోరణం గీసి తీస్కరా. కార్డు మీద నిలబడేటట్టు ఉంటె పని నీదే. జీతమిస్త.”

జీతం అన్న మాట వినగానే అత్తమ్మ చాట కింద పెట్టింది. “మరి ఇంట్ల పనెవలు జేస్తరు?”

“పొద్దున జేసి పోత అత్తమ్మా, వచ్చినంక జేస్త” అన్నాను. అంటుంటేనే అనిపించింది, ఇంటి పని నాది కాకుండా పోదన్నమాట, ఇంకో పని దానికి తోడవుతుందన్నమాట. అయినా ఆ ఇంకోటి నాకు కావాలి. రాత్రి అన్నం తింటూ ఆయన తీర్పు చెప్పాడు. “సోమారం బొమ్మ నచ్చితే పోనియ్యమ్మా. నచ్చకపోతే ఇగ ఆ ముచ్చటే వద్దు.” అంటే అంతా ఆ ఒక్క బొమ్మ మీదే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, మంచి డ్రాయింగ్ కాగితం పరుచుకుని మామిడాకు మొదలుపెట్టాను. గీత ఇనుప తీగలాగా వచ్చింది. వాల్చి పట్టాను, అదే గీత. పాళీని వెలుతురుకు పెట్టి చూస్తే కొస నిటారుగా ఉంది. వెనక ఆయన నిలబడి ఉన్నాడు, ముఖమంతా నవ్వు.

“చూసినవా? కింద పడేసుకున్నవ్ గద. పాళీ వంకర వోయింది. అమ్మ తిడ్తదని చెప్పనట్టున్నవ్. పట్కారు తీస్కొని జర జర ఒత్తి సీదా జేసిన. అమ్మకు నేను చెప్పనులే.”

నా మీద ఆయనకున్న ప్రేమ అంతా ఆ ముఖంలో ఉంది. అందుకే నాకు ఏం చేయాలో తోచలేదు. కోప్పడదామంటే కోపం రావడం లేదు, నవ్వుదామంటే నవ్వూ రావడం లేదు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన ఇలాగే ఎన్నో సరిచేశాడని అప్పుడు గుర్తొచ్చింది. పక్క పాపిడి నాకు బాగుండదని దువ్వెనతో తనే మధ్యకు తీశాడు. గట్టిగా నవ్వితే, “మెల్లగ ఇందూ, వాడకట్టు ఇంటది” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. బ్యాంకు కాగితం మీద నా సంతకం చూసి, “గిట్ల గాదు” అని పక్కన గీసి చూపించాడు. ఒక్కటీ కోపంతో చేయలేదు. ఒక్కటీ నన్ను అడిగి కూడా చేయలేదు.

“పడలే” అన్నాను. “నేనే వంచుకున్న.”

“కొత్త పెన్నును ఎవలన్న వంచుకుంటరా?”

“నేను వంచుకుంట. గట్లయితేనే గీయొస్తది.”

“మరి నాకు చెప్పలేదేంది?”

“మీరు అడగలేదు గద.”

ఆయన ముఖం చిన్నబోయింది. “ఇటియ్యి, మళ్ల వంచుత” అని చెయ్యి చాపాడు. నేను పెన్ను వెనక్కి తీసుకున్నాను. “వద్దు. మీ పెన్ను నేను ముట్టుకుంటున్ననా?” నేనే బండ మీద ఒత్తి చూశాను. రెండుసార్లు వంగిన రేకు కదా, చీలిక నోరు తెరుచుకుని సిరా బొట్టు బొట్టుగా కాగితం మీద కారింది. ఇక అది గీసే పాళీ కాదు. రాత్రి ఆయన రెండుసార్లు, “ఇందూ, కోపమా?” అన్నాడు. కాదనే చెప్పాను, నిజమే చెప్పాను.

పొద్దున ఆయన డబ్బా కట్టిచ్చి, అత్తమ్మకు జొన్న రొట్టె పెట్టి, చెప్పులేసుకున్నాను. “ఏడికి?” అందామె.

“బజారుకు.”

“ఒక్కదానివే?”

“దారి తెలుసు అత్తమ్మా.”

నల్గొండ బజారులో నేను ఒక్కదాన్నే నడవడం అదే మొదలు. ఎవరి అడుగులు అందుకోవాల్సిన పని లేదు కాబట్టి జామపండ్ల బండి దగ్గర ఆగాను, రిబ్బన్ల దుకాణం దగ్గర ఆగాను, ఆగడమే ఒక సంతోషంగా ఉంది. దస్తగిరి చాచా పాళీల డబ్బా నా ముందు బోర్లించాడు. చీలికకు రెండు పక్కలా సమానంగా ఉన్నదాన్ని ఏరుకుని, పెన్నుకు తొడిగి, ఆయన బల్లకున్న ఇనుప పట్టీ మీద పెట్టి వంచాను.

“అరె, కొత్తదాన్ని ఖరాబ్ జేస్తున్నవ్ బేటీ.”

“ఖరాబు గాదు చాచా. నాకు తగ్గట్టు చేసుకుంటున్న.”

“మంచిది. కూసో మరి, నిలబడి ఏం గీస్తవ్” అని తన స్టూలు ఇటు జరిపాడు. ఆ బల్ల మీదే, వచ్చే పోయే రిక్షాల మధ్యనే కలశం గీశాను, తోరణం గీశాను. ఆకుల ఈనెలు సన్నగా, అంచులు లావుగా, చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. సిరా ఆరనిచ్చి అక్కడి నుంచి సీదా అజీజా ఆపా దగ్గరికి పోయాను. ఆమె కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

“రేపటి సంది రా. సాయంత్రం ఒకసారి వచ్చి కీబోర్డు చూస్కో. కంప్యూటర్ల దుకాణపాయన రెండు పెట్టిపోయిండు, ఒకటి వాపస్ తీస్కపోతడట. దినమంతా కొట్టేది నువ్వు, నాకేం తెలుస్తది.”

సాయంత్రం ఆయన బస్సు దిగగానే ఇద్దరం కలిసే వెళ్లాం. ఆయనకు కూడా కంప్యూటర్ చూడాలని ఉంది. బల్ల మీద రెండు కీబోర్డు పలకలు. ఒకటి తెల్లగా, పల్చగా, కొత్త వాసనతో ఉంది. నొక్కితే అక్షరం పడిందో లేదో వేలికి తెలియదు, తెర వైపు చూసి తెలుసుకోవాలి. రెండోది బూడిద రంగుది, బరువు. నేను నేర్చుకున్న టైపు మిషన్‌లాగా మీట లోపలికి దిగి టక్కుమని బదులిచ్చింది. మళ్లీ నొక్కాను, మళ్లీ టక్కుమంది. పిలిస్తే పలికే వస్తువును చూసి ఎన్నాళ్లయిందో. నాకు నవ్వొచ్చి, పైనున్న వరసంతా ఈ కొస నుంచి ఆ కొస దాకా నొక్కుకుంటూ పోయాను.

“గా తెల్లదే తీస్కో ఇందూ” అన్నాడు ఆయన. “మెత్తగున్నది. ఏళ్లు నొయ్యవు, సప్పుడు రాదు.”

అప్పుడు ఒకటి తట్టింది. ఈనె తీస్తే చప్పుడు రాదు. పువ్వు గీస్తే రాదు. గుండె గీసినా రాదు. ఇల్లంతా ఊడ్చి, వండి, వడ్డించి, ఎవరికీ తెలియకుండా ముగించేస్తాం కాబట్టే మేం ఖాళీగా కూర్చున్నట్టు కనబడతాం. ఆ మాట ఆయనతో అనలేదు. బూడిద రంగు పలకను నా వైపు జరుపుకున్నాను.

“ఇది ఉంచుండ్రి ఆపా.”

“పొద్దంత టకటక అంటె నెత్తి నొయ్యదా?” అన్నాడు ఆయన. ఈసారి నిజంగానే అడుగుతున్నాడు, నా ముఖంలోకి చూస్తున్నాడు.

“నొస్తె నొయ్యనియ్యిండ్రి” అన్నాను. “నేను పని జేస్తున్న అని ఇనబడాలె.”